నాన్నగారి ఐప్యాడ్‌లో పేజీ చిన్నదైపోతోంది, వీడియో మూలన తేలుతోంది: ఇవన్నీ ఆపేయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు, 74 ఏళ్లు. మీరు అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఐప్యాడ్‌లో పొద్దున ఈ-పేపరు చదువుతారు, సాయంత్రం ప్రవచనాలు వింటారు. పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చినప్పటి నుంచి చదువుతున్న పేజీ ఉన్నట్టుండి కుంచించుకుపోతోంది, ప్రవచనం వీడియో చిన్నదై మూలన తేలుతోంది, కింది మూల నుంచి ఖాళీ నోటు కాగితం ఒకటి లేస్తోంది. ‘ఒకసారికి ఒక్క యాప్ చాలు. ఒకే బటన్‌తో అన్నీ ఆపేయొచ్చా, లేక టాబ్ మార్చేయాలా?’ అని అడిగారు.

టాబ్ మార్చొద్దు. దాదాపు అన్నీ ఆపేయొచ్చు. కాకపోతే ఒక్క బటన్‌తో అయ్యేది కాదు, మూడు నాలుగు స్విచ్‌లు ఉన్నాయి. మొత్తం కలిపి పది నిమిషాల పని.

ముందు చేయాల్సింది: సెట్టింగ్స్‌లో ‘మల్టీటాస్కింగ్ అండ్ జెశ్చర్స్’ తెరిచి, పైన కనిపించే మూడింటిలో ‘ఫుల్ స్క్రీన్ యాప్స్’ ఎంచుకోండి. ఐప్యాడ్ఓఎస్ (ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 26 వేసుకున్న ఐప్యాడ్‌లో ఇది ఉంటుంది. మిగతా రెండూ ‘విండోడ్ యాప్స్’, ‘స్టేజ్ మేనేజర్’. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాన్నగారిది విండోడ్ యాప్స్‌లో ఉంది. సగానికి పైగా గొడవ ఈ ఒక్కదానితోనే సద్దుమణుగుతుంది. మిగతాది కిందికి వెళ్తూ చెబుతాను.

నా గురించి ఒక ముక్క. తణుకులో ఫోన్లు, టాబ్‌లు బాగుచేసే చిన్న కొట్టు నాది, పన్నెండేళ్లయింది. మా వైపు పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇళ్లు చాలా, అందుకని మా కొట్టుకి పెద్దవాళ్ల టాబ్‌లు ఎక్కువ వస్తాయి. ‘పాడైంది బాబూ’ అని తెచ్చినవాటిలో చాలావాటికి నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోను. రెండు స్విచ్‌లు మార్చి ఇచ్చేస్తాను. డబ్బులు తీసుకోవడానికి నాకే మొహమాటంగా ఉంటుంది.

ఈ జబ్బులకు వాళ్లు పెట్టుకున్న పేర్లు కూడా వింటూ ఉంటాను. తెర రెండు సగాలైతే ‘పేపరు చిరిగిపోయింది’ అంటారు. మూలన తేలే వీడియోని ఒక పిన్నిగారు ‘ఎగిరే టీవీ’ అన్నారు. ఆవిడ కథ చెప్పాలి. భజన వీడియో చూస్తూ బ్యాంకు యాప్ తెరిచారట, వీడియో చిన్నదై అక్కడ కూడా ప్రత్యక్షమైంది. ఎవరో తన టాబ్‌లో దూరి చూస్తున్నారనుకున్నారు. హడావిడిగా బ్యాంకుకి వెళ్లి ఖాతా ఆపించేశారు. పింఛను పడే ఖాతా అది! మళ్లీ తెరిపించుకోవడానికి నాలుగు రోజులు తిరిగారు. ఆవిడ తప్పు ఇందులో ఏముంది? అడగకుండా తేలే కిటికీని చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. అందుకే ‘చూసుకుని వాడమ్మా’ అనే సలహా నేను ఎప్పుడూ ఇవ్వను. చెయ్యి మారదు, సెట్టింగే మారాలి.

ఇప్పుడు ఒక్కొక్కటీ అసలు ఎందుకు జరుగుతోందో చూద్దాం. కారణం తెలిస్తే మీరు అక్కడి నుంచి ఫోన్‌లో చెప్పడం తేలికవుతుంది.

పేజీ కుంచించుకుపోవడం. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26లో కంప్యూటర్‌లో మాదిరి విండోలు పెట్టారు. విండోడ్ యాప్స్‌లో ఉన్నప్పుడు యాప్ కింద కుడి మూలన చిన్న వంపు గీత ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే యాప్ చిన్నదవుతుంది. మరి టాబ్‌ని ఒళ్లో పెట్టుకుని చదివేవాళ్ల కుడి బొటనవేలు ఎక్కడ ఉంటుంది? సరిగ్గా అక్కడే. మాస్టారు పేజీ కదపబోయి మూలని లాగేస్తున్నారన్నమాట. ఒకసారి చిన్నదైతే, విండో ఎడమవైపు పైమూలన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు ఉంటాయి. వాటిని తాకితే కాస్త పెద్దవవుతాయి, అప్పుడు ఆకుపచ్చది నొక్కితే మళ్లీ తెర నిండా వస్తుంది. ఫుల్ స్క్రీన్ యాప్స్ పెట్టేశాక ఈ చుక్కలూ ఉండవు, ఈ అవసరమూ రాదు.

ఖాళీ నోటు కాగితం. దీని పేరు క్విక్ నోట్, 2021 నుంచి ఉంది. కుడి కింది మూల నుంచి వేలు లోపలికి జరిపితే లేస్తుంది. మల్టీటాస్కింగ్ అండ్ జెశ్చర్స్ పేజీలోనే ఇంకాస్త కిందికి వెళ్తే, మూల నుంచి వేలు జరపడానికి సంబంధించిన స్విచ్ ఉంటుంది. ఎడమ మూలకి ఒక పని, కుడి మూలకి ఒక పని రాసి ఉంటాయి. అనుమతి ఇచ్చే స్విచ్ ఆపేస్తే రెండూ పోతాయి. మూల నుంచి స్క్రీన్‌షాట్లు తీసేసుకోవడం కూడా దీంతోనే ఆగుతుంది. మాస్టారి ఫొటోల్లో ఒకే పేపరు పేజీ ఇరవై ముప్పై సార్లు ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే కారణం ఇదే.

చదువుతుంటే యాప్ మూసుకుపోవడం, వేరే యాప్ రావడం. మీరు దీని గురించి రాయలేదు గానీ ఈ-పేపరు చదివేవాళ్లందరికీ జరుగుతుంది కాబట్టి చెబుతున్నాను. మనం రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేస్తాం, చిన్నవి చేస్తాం. పెద్దవాళ్లు చాలామంది మొత్తం చేత్తో చేస్తారు, పిండి ముద్ద తీసినట్టు. ఐప్యాడ్‌లో నాలుగైదు వేళ్లు దగ్గరకు తెస్తే యాప్‌లోంచి బయటికి వచ్చేయడం అని అర్థం. నాలుగు వేళ్లతో పక్కకి తోస్తే ముందు వాడిన యాప్ వస్తుంది. పాపం, వాళ్లు పేపరు చిన్నది చేయబోతే అది ఇంటిదారి పడుతుంది. అదే పేజీలో నాలుగు, ఐదు వేళ్ల జెశ్చర్ల స్విచ్ ఆపేయండి. నా లెక్కలో పెద్దవాళ్లకి ఫుల్ స్క్రీన్ యాప్స్ తర్వాత ఎక్కువ ఉపకారం చేసే స్విచ్ ఇదే.

ఎగిరే టీవీ. అసలు పేరు పిక్చర్ ఇన్ పిక్చర్. సెట్టింగ్స్‌లో పైన వెతికే గడి ఉంటుంది కదా, అందులో ఇంగ్లీషులో ‘పిక్చర్’ అని కొట్టండి, సూటిగా అక్కడికి తీసుకెళ్తుంది. వీడియో దానంతట అదే చిన్నదయ్యే స్విచ్ ఆపండి. ఇక వీడియో మధ్యలో బయటికి వస్తే వీడియో ఆగిపోతుంది, అంతే. ప్రస్తుతం తేలుతున్న వీడియోని వదిలించుకోవాలంటే, దాని మీద ఒకసారి తాకితే మూలన ఇంటూ గుర్తు వస్తుంది, అది నొక్కాలి. చాలామంది దాన్ని వేలితో అంచుకి తోసేస్తారు. అది పోదు, చిన్న బాణం గుర్తుగా అంచున నక్కి కూర్చుంటుంది. మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ‘టాబ్ కట్టేసినా ఎవరో మాట్లాడుతున్నారు’ అని ఒకాయన అర్ధరాత్రి ఫోన్ చేసింది దీనికే.

అయితే ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఒకావిడ టాబ్ తెచ్చి ‘మా అమ్మాయి చదువుకుంటుంటే ఈ బొమ్మలు అడ్డొస్తున్నాయి, అన్నీ తీసేయండి’ అన్నారు. నేను ఉత్సాహంగా అన్నీ తీసేశాను. మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది, మొహం ఇంత చేసుకుని. నీట్ కోచింగ్ క్లాసు వీడియో ఒక పక్కన తేలుతుంటే ఇంకో పక్క నోట్సు రాసుకునేదట. ఆ అడ్డొచ్చే బొమ్మలు అమ్మకే గానీ అమ్మాయికి కాదు! అందుకని ఆపేముందు వాడే మనిషిని అడగండి. మాస్టారు ప్రవచనం వింటూ పేపరు చదివే అలవాటున్న మనిషైతే, పిక్చర్ ఇన్ పిక్చర్ తీసేశాక ‘ఇప్పుడు వినపడటం మానేసింది’ అని కొత్త ఫిర్యాదు వస్తుంది. లెక్కల మాస్టార్లు ఇలాంటివి వదలరు.

ఒకే బటన్ ఎందుకు లేదు అని అడిగారు. ఇవన్నీ ఒక్క రోజున వచ్చినవి కావు మరి. 2015లో ఐఓఎస్ 9తో (అప్పట్లో ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ పేరూ అదే) ఒక యాప్ పక్కన ఇంకో యాప్, తేలే వీడియో మొదలయ్యాయి. 2017లో కింద డాక్, అంటే అడుగున ఉండే ఐకాన్ల వరుస, పెద్దదై, దాన్నుంచి యాప్‌ని లాగి పక్కన పెట్టడం వచ్చింది. 2021లో పైన మూడు చుక్కలు, క్విక్ నోట్. 2022లో తెరిచిన యాప్‌లను గుంపులుగా పక్కన పేర్చే స్టేజ్ మేనేజర్. ఇప్పుడు విండోలు. పాత పెంకుటింటికి అవసరమైనప్పుడల్లా ఓ వసారా దింపుకుంటూ పోయినట్టుంది వ్యవహారం. ఇల్లు పెద్దదైంది, ప్రతి వసారాకీ గొళ్లెం మాత్రం వేరు. కీబోర్డు తగిలించుకుని ఆఫీసు పని చేసుకునేవాళ్లకి ఇవన్నీ నిజంగా పనికొస్తాయి, నేనూ బిల్లులు రాసేటప్పుడు రెండు యాప్‌లు పక్కపక్కనే పెట్టుకుంటాను. నా అభ్యంతరమల్లా ఒకటే. కావలసినవాళ్లు ఎలాగూ వెతుక్కుని ఆన్ చేసుకోగలరు. అక్కర్లేనివాళ్లకే ఎక్కడ ఆపాలో తెలియదు. కాబట్టి ఏ కంపెనీ టాబ్ అయినా ఇవి ఆపి ఉంచి అమ్మితే బాగుండేది.

నాన్నగారిది 26 కాకుండా పాత వెర్షన్ అయితే దారి కొంచెం మారుతుంది. 18లో అదే మల్టీటాస్కింగ్ పేజీలో సూటిగా ‘ఆఫ్’ అనే ఎంపిక ఉంటుంది, అది పెట్టేయండి. బాగా పాతవి, అంటే 13, 14 అయితే, హోమ్ స్క్రీన్ అండ్ డాక్ లోపల మల్టీటాస్కింగ్‌లో ‘అలౌ మల్టిపుల్ యాప్స్’ అనే స్విచ్ ఉంటుంది, అది ఆపేయండి. ఈ పాతవాటిలో తెర చిరిగిపోతే, అంటే రెండు సగాలైతే, మధ్యలో నిలువు గీతని పట్టుకుని అక్కర్లేని యాప్ వైపు అంచుదాకా తోసేస్తే మళ్లీ ఒకటే మిగులుతుంది. ఇంకో చిట్కా ఏమిటంటే, కింద డాక్‌లో ఐకాన్లు తగ్గించడం. లాగడానికి అక్కడ ఏమీ లేకపోతే పొరపాటున లాగేది ఏముంటుంది?

ఇవన్నీ చేశాక కూడా తెర దానంతట అదే పిచ్చిపిచ్చిగా కదులుతోందనుకోండి, అప్పుడు సంగతి వేరు. టాబ్‌ని బల్లమీద పెట్టి, చేతులు తీసేసి, రెండు నిమిషాలు చూడండి. ఎవరూ ముట్టుకోకుండానే యాప్‌లు తెరుచుకుంటుంటే అది మల్టీటాస్కింగ్ కాదు. మా కొట్టుకి వచ్చేవాటిలో దీనికి తరచూ కనిపించే కారణం నాసిరకం ఛార్జరు. అది తగిలించి ఉన్నంతసేపే గొడవ, పీకేస్తే శాంతం. టాబ్‌తో వచ్చిన ఛార్జరు పోయి, ఇంట్లో దొరికినదేదో పెట్టి ఉంటారు. తర్వాతది పైన అంటించిన గాజు. అంచుల్లో లేచి, లోపల దుమ్మో తేమో చేరి ఉంటుంది. కొన్ని బరువైన కవర్ల అంచు కూడా తెర మూలని నొక్కుతూ ఉంటుంది. కవరు తీసేసి ఒకరోజు వాడమనండి. ఈ మూడూ కాకపోతే అప్పుడు సర్వీస్ సెంటర్.

చేతులు వణికేవాళ్లయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిస్తే, టచ్ కింద ‘టచ్ అకామొడేషన్స్’ అని ఉంది. వేలు ఎంతసేపు ఆనితే లెక్కలోకి తీసుకోవాలి, వెంటవెంటనే పడ్డ రెండో తాకిడిని వదిలేయాలా అన్నది అక్కడ పెట్టుకోవచ్చు. కానీ టైపింగ్‌తో సహా అన్నీ నెమ్మదిస్తాయి, అందుకని చేయి బాగున్నవాళ్లకి పెట్టకండి, విసుక్కుంటారు.

ఇక ఆఖరి అస్త్రం గైడెడ్ యాక్సెస్. ఇది 2012 నుంచి ఉంది. యాక్సెసిబిలిటీలో ఆన్ చేసి, కావలసిన యాప్ తెరిచి, పై బటన్‌ని (ముందు గుండ్రటి బటన్ ఉన్న మోడల్ అయితే దాన్ని) మూడుసార్లు టకటకా నొక్కితే ఆ యాప్‌లోనే తాళం పడుతుంది. ఎక్కడ ఎలా లాగినా బయటికి పోదు. చిన్నపిల్లలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి మాత్రం నేను తొందరపడి పెట్టను, దానికి కారణముంది. ఒక తాతగారికి పేపరు యాప్‌లో ఇలాగే తాళం వేసి ఇచ్చాను. ఆయన సంతోషంగా పట్టుకెళ్లారు. ఆ రాత్రి మెల్‌బోర్న్ నుంచి కొడుకు వీడియో కాల్ మీద కాల్ చేశాడు. తాళం వేసిన యాప్‌లోంచి బయటికి వెళ్తేనే గదా కాల్ ఎత్తేది! నాన్న ఎత్తట్లేదని కొడుక్కి ఒకటే టెన్షన్, పక్కింటివాళ్లకి ఫోన్ చేసి తలుపు కొట్టించాడు. తాతగారు వీధి అరుగు మీద హాయిగా సంపాదకీయం చదువుకుంటున్నారు. మీరు కూడా దూరంగానే ఉన్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. గైడెడ్ యాక్సెస్ పెడితే ఎలా బయటికి రావాలో, పాస్‌కోడ్ ఏమిటో కాగితం మీద రాసి కవరు వెనక అతికించాలి.

2023 నుంచి ‘అసిస్టివ్ యాక్సెస్’ అని ఇంకొకటి కూడా ఉంది. తెర మొత్తాన్ని పెద్దపెద్ద గడులుగా మార్చేస్తుంది. మరీ ఇబ్బంది పడేవాళ్లకి అది. పేపరు చదివి, యాప్‌లు మార్చుకోగలిగే మాస్టారికి అది చిన్నతనంగా అనిపించవచ్చు. నేనైతే పెట్టను.

కొన్ని ఇళ్లలో శాంసంగ్ టాబ్‌లు ఉంటాయి, వాళ్ల కోసం నాలుగు మాటలు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ లోపల ‘మల్టీ విండో’ ఉంటుంది. అందులో స్వైప్ ఫర్ పాప్-అప్ వ్యూ, స్వైప్ ఫర్ స్ప్లిట్ స్క్రీన్ రెండూ ఆపేయండి. పై మూల నుంచి వాలుగా వేలు జారితే యాప్ చిన్నదవడం మొదటిదాని పని. అంచున సన్నగా కనిపించే పట్టీని డిస్‌ప్లే లోపల ‘ఎడ్జ్ ప్యానెల్స్’ దగ్గర ఆపాలి. టాస్క్‌బార్ కూడా డిస్‌ప్లేలోనే. తెర మొత్తం కంప్యూటర్‌లా మారిపోయిందంటే డెక్స్ ఆన్ అయిందని అర్థం, పైనుంచి పరదా లాగి అక్కడ ఆపేయొచ్చు. చాట్ బొమ్మలు బుడగల్లా తేలుతుంటే నోటిఫికేషన్ల లోపల ఫ్లోటింగ్ నోటిఫికేషన్స్ ఆఫ్ చేయాలి.

మీరు అమెరికాలో ఉండి ఇవన్నీ ఎలా చేయిస్తారన్నది అసలు సమస్య. ఫోన్‌లో చెప్పేటప్పుడు స్వైప్, ట్యాప్, డ్రాగ్ అనకండి. ‘అద్దం కింది అంచు మీద వేలు పెట్టి పైకి తొయ్యండి’, ‘ఒక్కసారి తాకి వదిలేయండి’ అనండి. ఎడమ, కుడి కన్నా ‘గడియారం ఉన్న వైపు’, ‘బ్యాటరీ బొమ్మ ఉన్న వైపు’ అంటే తొందరగా అందుకుంటారు. ఇంతకన్నా సుఖమైన దారి ఇంకోటి ఉంది. మీ ఐఫోన్, ఆయన ఐప్యాడ్ రెండూ 18 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఉంటే, ఫేస్‌టైమ్‌లో ఆయన తెర మీకు పంచుకుని, ఆయన అనుమతి ఇస్తే మీరే అక్కడినుంచి నొక్కొచ్చు. మాస్టారి చేత ‘అనుమతించు’ ఒక్కటి నొక్కిస్తే చాలు. కానీ ఆ మాటతోపాటే ఇంకో మాట కూడా చెప్పండి: ఇలా తెర పంచుకోవడం మీతో తప్ప, బ్యాంకు నుంచి అన్నా, కరెంటాఫీసు నుంచి అన్నా, ఎవరితోనూ చేయకూడదు.

కీబోర్డు గురించి మీరు అడగలేదు, కానీ నాలుగు రోజుల్లో అడుగుతారు. టైపు చేస్తుంటే కీబోర్డు చిన్నదై తేలిపోతే, అది రెండు వేళ్లు దగ్గరకు చేర్చడం వల్ల. దాని మీదే రెండు వేళ్లు పెట్టి విడదీస్తే మళ్లీ కింద వెడల్పుగా కూర్చుంటుంది. పాడవ్వలేదు.

చివరిగా, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ సెట్టింగ్స్‌లో ఈ మల్టీటాస్కింగ్ పేజీ ఒకసారి తెరిచి చూడండి. మీరు దసరాకో సంక్రాంతికో వచ్చినప్పుడు చూసుకున్నా సరిపోతుంది. ఇప్పటికి మాత్రం ఫుల్ స్క్రీన్ యాప్స్, నాలుగైదు వేళ్ల జెశ్చర్లు, మూల స్విచ్, ఈ మూడూ మార్చి ఒక వారం వాడనివ్వండి. పిక్చర్ ఇన్ పిక్చర్ సంగతి మాస్టారినే అడిగి చేయండి. అప్పటికీ పేజీ కుంచించుకుపోతుంటే, సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, అక్కడున్న మోడల్ పేరు, వెర్షన్ నంబరు ఇక్కడ రాయండి. కవరు ఎలాంటిదో, ఏ ఛార్జరు వాడుతున్నారో కూడా రాస్తే నాకు చెప్పడం తేలిక.